నడిమి రాయి ఎవరిది?

అనగనగా ఒక ఊళ్ళో, నీళ్ళకంటే రంగురాళ్ళే ఎక్కువున్న ఏటి పక్కన ఒక ఊళ్ళో, నాంచారమ్మ అని ఒకావిడ ఉండేదమ్మా. ఆ ఊరి పేరు గులకపాడు. కాళ్ళు ఆడించకుండా పడుకో, చెబుతాను.

నాంచారమ్మ చేతిలో గొప్ప పనితనం ఉండేది. ఏటి రాయిని సానరాయి మీద అరగదీసేది. అప్పుడు పైనున్న మట్టిరంగు పోయి, లోపల దాక్కున్న రంగు బయటికి వచ్చేది. ఆ తర్వాత బరమాతో సన్నగా చిల్లు వేసేది. ఆ తర్వాత మైనం పట్టించిన పట్టుదారానికి గుచ్చి దండ చేసేది. బంగారం అక్కర్లేదు, వెండి అక్కర్లేదు. ఆ దండ ఎవరు వేసుకున్నా నిండుగా ఉండేది.

పనితనం ఉంది సరే, ఓపికే లేదు. పుట్టుకతోనే లేదనుకునేవు. రాళ్ళని ఆవిడ అరగదీస్తే, ఆవిడ ఓపికని ఊరు అరగదీసింది.

ఎందుకంటావా? ఆ ఊళ్ళో ఒక ఆనవాయితీ. ఏటా ఏటమ్మ తల్లి జాతరకి ఇంటికొక రాయి చొప్పున ఏరి తెచ్చి నాంచారమ్మకి ఇవ్వాలి. ఆవిడ వాటన్నిటితో అమ్మోరికి హారం చెయ్యాలి. జాతరనాడు అమ్మోరు ఆ హారం వేసుకుని పల్లకీలో ఊరంతా తిరుగుతుంది. అంతా అయ్యాక హారాన్ని మళ్ళీ ఏట్లోనే కలిపేస్తారు.

బాగానే ఉంది కదా! కానీ ప్రతి ఇంటివాళ్ళకీ తమ రాయే నట్టనడుమ ఉండాలి. దండకి నడిమధ్య ఒక్కటే ఉంటుంది, ఇళ్ళేమో ఊరినిండా ఉన్నాయి. ఇక చూస్కో గోల. ఒకరి రాయి ముందుకి జరిపి, ఇంకొకరిది వెనక్కి జరిపి, అందర్నీ సముదాయించేసరికి హారం అష్టావంకరగా తయారయ్యేది. జాతరకి వచ్చిన పొరుగూరివాళ్ళు దాన్ని చూసి మూతులు ముడిచేవాళ్ళు. "ఎవరు చేశారమ్మా ఇది?" అని అడిగితే మాత్రం ఊరంతా ఒక్క గొంతుతో "మా నాంచారమ్మే" అనేది. వేలు పెట్టేది ఊరు, చెడ్డపేరు నాంచారమ్మకి.

ఆ ఏడు నాంచారమ్మ గట్టిగా అనుకుంది. "ఈ ఒక్కసారి నా మనసులో ఉన్న హారం చేస్తాను. చెయ్యనిచ్చారా సరే. లేదంటే ఈ బరమా ఏట్లో పారేసి, జన్మలో రాయి ముట్టను" అని మొగుడితో చెప్పింది.

మొగుడి పేరు గురవయ్య. దూడకి గడ్డి వేస్తూ, "పోనీలే" అన్నాడు. ఆయనకి వచ్చిన మాట అదొక్కటే. ఇల్లు కురుస్తోందంటే పోనీలే, పిల్లి పాలు తాగిందంటే పోనీలే. తమ ఇంటి తరఫున రాయి తెమ్మంటే ఏటికి వెళ్ళి, కాలికి తగిలిన మొదటి రాయి పట్టుకొచ్చాడు. బూడిదరంగులో, ఎండిన పిడక ముక్కలా ఉంది.

"ఊరంతా రంగులు తెస్తుంటే నువ్వు తెచ్చింది ఇదా?" అంది నాంచారమ్మ.

"పోనీలే, రాయేగా" అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది ఆవిడకి. సాన కూడా పట్టకుండా చిల్లు మాత్రం వేసి, దాన్ని వెనక ముడి దగ్గర అమ్మోరి జడ కింద దాచెయ్యాలనుకుంది.

ఆ తర్వాత చేటలో ఇసుక పోసుకుని, అందులో రాళ్ళన్నీ పేర్చి చూసుకుంది. వెనక మెడ దగ్గర చిన్నచిన్న నల్లరాళ్ళు. ముందుకి వచ్చేకొద్దీ ఊదావి, ఎర్రవి, తేనెరంగువి, చివరికి పాలతెలుపువి. నడుమనడుమ ఆకుపచ్చవి ఒక్కొక్కటి. చీకటి పోయి తెల్లవారుతున్నట్టు ఉంది. నాంచారమ్మకి ఎన్నాళ్ళకో మనసు నిండింది. దారానికి గుచ్చడం మొదలుపెట్టింది.

అప్పుడు వచ్చింది మునసబుగారి భార్య పేరిందేవమ్మ. ఆవిడ ఇచ్చిన రాయి ఎర్రది, వంకాయంత ఉంటుంది.

"నాంచారీ, మాది పక్కన పెట్టావేమిటే? మునసబుగారింటి రాయి పక్కకి పోతే మా మర్యాదేం కాను?"

"రాయికి మర్యాదేమిటండీ అమ్మగారూ? అంత బరువు మధ్యలో వేస్తే దారం తెగుతుందండీ."

"తెగని దారం వెయ్యి" అని వెళ్ళిపోయింది ఆవిడ.

"పోనీలే, పెద్దవాళ్ళు" అన్నాడు గురవయ్య. నాంచారమ్మ పళ్ళు నూరుకుని, గుచ్చినదంతా విప్పి, ఆ వంకాయని నడిమధ్య పెట్టింది.

ఆ తర్వాత గానుగాడే కోటయ్య వచ్చాడు. అతని రాయి పసుపుపచ్చది.

"చెల్లెమ్మా, అమ్మోరి దీపానికి నూనె పోసేది ఎవరు? నేను. నా రాయి మూలకి పోతే రేపట్నుంచి దీపం కూడా మూలకే పోతుంది."

"నువ్వు నూనె పోసేది అమ్మోరికా అన్నయ్యా, నడిమి రాయికా?"

"రెంటికీ" అన్నాడు కోటయ్య, ఏమాత్రం సిగ్గు లేకుండా.

"పోనీలే, దీపం ఆరిపోతే బాగుండదు" అన్నాడు గురవయ్య. నాంచారమ్మ మళ్ళీ విప్పింది. ఎర్రదాని పక్కన పసుపుది ఇరికించింది. రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ బస్సులో సీటు కోసం కొట్లాడుకుంటున్నట్టు ఉన్నాయి. అప్పట్లో బస్సులెక్కడివీ అనకు, నాకు అలాగే కనపడ్డాయి.

ఆ తర్వాత వచ్చింది అసలు మనిషి, గురవయ్య అక్క తాయారమ్మ. వెనక వీధిలో ఉంటుంది. ఆవిడ రాయి ఆకుపచ్చది. వస్తూనే గుమ్మంలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"పరాయివాళ్ళకి నడిమధ్య, సొంత ఆడపడుచుకి ఒక మూలానా? నా రాయి మధ్యకి వచ్చేదాకా ఈ ఇంట్లో పచ్చి మంచినీళ్ళు ముట్టను!" అంది. తమలపాకులు మాత్రం అడిగి వేసుకుంది.

నాంచారమ్మ మొగుడి వైపు చూసింది. గురవయ్య నోరు తెరిచి, "పోనీ..." అన్నాడు.

"'లే' అన్నావంటే చూడు!" అని ఒక్క అరుపు అరిచింది నాంచారమ్మ. దూడ బెదిరి గెంతింది.

అప్పుడు ఏం చేసిందో తెలుసా? పటుక్కున దారం తెంపింది. రాళ్ళన్నీ చేటలో పోసుకుంది. పైన దారపుండ పడేసి, చరచరా గుడికి నడిచింది. ఊరివాళ్ళంతా చూస్తుండగా చేట నేలమీద పెట్టింది.

"ఇవిగో మీ రాళ్ళు, ఇదిగో దారం. మీరే గుచ్చుకోండి. నేను చచ్చినా ముట్టను!"

ఇంటికి వచ్చి పట్టపగలే దుప్పటి ముసుగుపెట్టి, గోడవైపు తిరిగి పడుకుంది. బరమా మాత్రం ఏట్లో పారెయ్యలేదు. తలకింద పెట్టుకుంది. ఏడుపు వచ్చింది పాపం. ఒక్క హారం, ఒక్కటంటే ఒక్కటి, తన ఇష్టప్రకారం చేసుకుందామనుకుంటే ఇంత రాద్ధాంతమా అని.

అక్కడ గుడి దగ్గర ఊరంతా హారం మీద పడింది. పేరిందేవమ్మ తన రాయి గుచ్చి, "ఇదీ నడిమధ్య" అంది. కోటయ్య దాన్ని కాస్త అటు జరిపి తనది గుచ్చాడు. తాయారమ్మ ఆ రెంటినీ చెరో పక్కకీ నెట్టి తనది దూర్చింది. మిగతావాళ్ళూ అంతే. ఒక్కరైనా వెనకవైపు నుంచి గుచ్చితే ఒట్టు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అని ఊరికే అన్నారా?

అంతా అయ్యాక చూస్తే ముందువైపు రాళ్ళన్నీ పనసకాయలా ఒకచోట గుత్తిగా వేలాడుతున్నాయి. వెనకంతా ఒట్టి దారం. దాన్నే ఎత్తి అమ్మోరి మెళ్ళో వేశారు. మరుక్షణం దారం ఫట్టున తెగింది. రాళ్ళన్నీ గుడి రాతినేల మీద పడి ఎగిరి, అంచులు పగిలి, తలో మూలకీ దొర్లిపోయాయి.

జాతర దగ్గరికొచ్చేసింది. అమ్మోరేమో బోసిమెడతో ఉంది.

అప్పుడు పేరిందేవమ్మే మోకాళ్ళ మీద కూర్చుని, కొంగుకి దుమ్ము అంటుతున్నా చూసుకోకుండా రాళ్ళన్నీ ఏరింది. చేట పట్టుకుని ఆవిడా, కోటయ్యా, తాయారమ్మా ముగ్గురూ నాంచారమ్మ ఇంటికి వచ్చారు.

"నాంచారీ, లేవవే" అంది పేరిందేవమ్మ. నాంచారమ్మ కదల్లేదు.

"చెల్లెమ్మా, తప్పయింది" అన్నాడు కోటయ్య. కదల్లేదు.

"ఒసే మరదలా, ముందు కాసిని మంచినీళ్ళియ్యవే. గొంతు పిడచగట్టుకుపోయింది" అంది తాయారమ్మ.

అప్పుడు నవ్వు ఆపుకోలేక లేచింది నాంచారమ్మ. ఆడపడుచుకి మంచినీళ్ళిచ్చి, చేటలోకి చూసింది. రాళ్ళన్నీ బీటలు పడి, చెక్కులు లేచిపోయి ఉన్నాయి. ప్రాణం ఉసూరుమంది. మనుషులు చేసిన దానికి రాళ్ళేం పాపం చేశాయి?

"చేస్తాను. కానీ పని అయ్యేదాకా ఎవరూ నా గుమ్మం తొక్కకూడదు. ఏది ఎవరిదని అడక్కూడదు. నోరు విప్పకూడదు" అంది.

ముగ్గురూ తలలూపారు. నోరు విప్పకూడదంది కదా మరి.

ఆ తర్వాత నాంచారమ్మ ఊరివాళ్ళ రాళ్ళన్నిటినీ మళ్ళీ సాన పట్టింది. పగిలిన అంచులన్నీ పోయేదాకా అరగదీసింది. వంకాయంత ఎర్రరాయి అరిగి అరిగి ఉసిరికాయంత అయింది. లోపల అది ఎరుపే కాదు, లేత గులాబీరంగు! పసుపుదాంట్లోంచి తేనెరంగు వచ్చింది. ఆకుపచ్చదాంట్లోంచి తెల్లచారలు వచ్చాయి. ఇప్పుడు ఏది ఎవరింటిదో నాంచారమ్మ చెబితే తప్ప తెలీదు.

మళ్ళీ ఇసుకలో పేర్చింది. అన్నీ కుదిరాయి. నడిమధ్యే కుదరలేదు. గులాబీది పెట్టింది, మిగతావన్నీ వెలవెలబోయాయి. తేనెరంగుది పెట్టింది, పక్కవాటిలో కలిసిపోయింది. పాలతెల్లది పెట్టింది, కన్ను అక్కడ ఆగకుండా జారిపోయింది.

ఇక చేటలో మిగిలింది ముడి దగ్గర దాచాలనుకున్న పిడక ముక్క ఒక్కటే. అదీ గుళ్ళో పడ్డప్పుడు ఒక పక్క పెచ్చు లేచింది. ఆ పెచ్చులోంచి ఏదో తళుక్కుమంది. సరే చూద్దామని దాన్నీ సాన పట్టింది. బూడిద పొర పోయింది. లోపల పొగరంగు గాజులా ఉంది. ఆ పొగ నడుమ దీపపు వత్తిలా ఒక సన్నని బంగారు గీత.

నడిమధ్య పెట్టింది. హారమంతా ఒక్కసారిగా కుదురుకుంది. తీసి చూసింది, బోసిపోయింది. మళ్ళీ పెట్టింది.

"వెధవ రాయి! ఇంతమందిలో నువ్వే దొరకాలా నాకు!" అని తల పట్టుకుంది. ఊరు ఊరుకుంటుందా? అందర్నీ నోరు మూసుకోమని తన రాయే నడుమ పెట్టుకుంది చూశావా అనరూ? అయినా చెయ్యి ఒప్పుకోలేదు. హారానికి ఏది తగునో అదే పెట్టాలి కదా. గుచ్చి ముడి వేసేసింది. ఈసారి గట్టి ముడి.

జాతర వచ్చింది. ఆ హారం వేసుకుని అమ్మోరు పల్లకీ ఎక్కితే చూసినవాళ్ళ కళ్ళు చెదిరిపోయాయి. నాంచారమ్మ మాత్రం, అదిగో ఇప్పుడు అడుగుతారు, ఇదిగో ఇప్పుడు తిడతారు అనుకుంటూ పల్లకీ వెంట నడిచింది.

పల్లకీ మునసబుగారింటి ముందు హారతికి ఆగింది. పేరిందేవమ్మ హారం వంక తేరిపార చూసింది. నాంచారమ్మని పక్కకి లాగి, "నడుమ మాదే పెట్టావుగా! సాన పడితే మునసబుగారింటి రాయి ఎలా తేలిందో చూడు. నేనెవరికీ చెప్పన్లే" అంది చెవిలో.

నాంచారమ్మ గబగబా పల్లకీ వెంట కదిలింది.

అప్పుడు కోటయ్య ఇల్లు వచ్చింది. "ఆ బంగారు గీత అచ్చం నా నూనె రంగే! బతికించావు చెల్లెమ్మా, ఎవరికీ తెలియనివ్వనులే" అన్నాడు.

ఆ తర్వాత తాయారమ్మ ఇల్లు వచ్చింది. ఆవిడ నాంచారమ్మ చెయ్యి పట్టుకుని, "ఎంతైనా సొంత మనిషివే నువ్వు" అని కళ్ళు తుడుచుకుంది. ఆకుపచ్చ రాయి పొగరంగుకి ఎలా తిరిగిందని ఒక్కరైనా అనుకోలేదమ్మా! నడుమ ఉంది కాబట్టి తమదే. అంతే!

ఈలోగా పొరుగూరివాళ్ళు వచ్చారు. "ఎంత బాగుందమ్మా హారం! ఎవరు చేశారు?" అని అడిగారు.

ఊరంతా ఒక్క గొంతుతో ఏమందో తెలుసా? "మేమే! ఊరంతా కలిసి చేశాం!" అంది.

నాంచారమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. చెడిపోతే నాంచారమ్మ చేసింది, బాగుంటే ఊరంతా కలిసి చేసిందా? అది నా హారం! ఆ నడిమి రాయి మా ఇంటిది! నాలిక చివరిదాకా వచ్చింది మాట.

అప్పటికి పల్లకీ ఆవిడ ఇంటి ముందే ఆగింది. నాంచారమ్మ హారతి పళ్ళెం ఎత్తింది. కర్పూరం వెలుగు పడి ఆ పొగరాయిలో గీత నిజం దీపంలా వెలిగింది. వెనక నల్లరాళ్ళ దగ్గర్నుంచి ముందుకి ఒక్కొక్క రంగే తెల్లవారుతూ వచ్చింది. అచ్చం ఆవిడ మనసులో ఉన్నట్టే, ఒక్క పూస అటూ ఇటూ కాకుండా. ఆవిడకి కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి. సంతోషంతోనే.

పక్కనే నిలబడ్డ గురవయ్య హారం వంక చూశాడు. ఇంకోసారి చూశాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గొంతు పెంచి, "ఒసే నాంచారీ! ఆ నడిమి రాయి నేను తెచ్చిందే కదే! ఊరందరికీ చెప్పవే!" అన్నాడు.

నాంచారమ్మ పళ్ళెం దించింది. మొగుడి మొహం చూసింది. కళ్ళు తుడుచుకుంటూ నవ్వేసింది.

"పోనీలే" అంది.

రాళ్ళేమో ఏటికి,
పేచీలేమో మంటకి,
కథేమో కంచికి,
నిద్దరేమో కంటికి,
నువ్వూ నేనూ ఇంటికి!