మహారాజుగారి సరస్వతాకు

చిత్రగిరిని ఏలే రాయభూపాలుడికి మతిమరుపు పట్టుకుంది. ఒకనాడు నిండు కొలువులో మంత్రిగారిని పట్టపుటేనుగు పేరు పెట్టి పిలిచేసరికి, ఇక లాభం లేదని రాజవైద్యుడు గరుడాచలశాస్త్రి ముందుకొచ్చాడు.

"సరస్వతాకు తినండి ప్రభూ! మామూలుది కాదు, రేవుపట్నం నుంచి నేను తెప్పించిన దివ్య సరస్వతి. కాలువ పక్క నీడలో నా చేత్తో నాటుతాను."

నాటాడు. నాలుగు నెలల్లో రాణిగారి మామిడితోపు కింద నేలంతా పచ్చటి తివాచీ పరిచినట్టయింది. రాజుగారు రోజూ గుప్పెడు ఆకు నమిలారు. మంత్రిగారు మాత్రం ఇంకా ఏనుగుగానే ఉన్నారు.

ఆ మాట పైకి అనే ధైర్యం కొలువులో ఎవరికీ లేదు. విదూషకుడు గవర్రాజుకి అసలే లేదు.

గవర్రాజు తెలివైనవాడని ఊరంతా అంటుంది. పదిహేనేళ్ళ కాపురంలో భార్య బంగారమ్మ మాత్రం ఒక్కసారీ అనలేదు. ఆమె చేత ఆ ఒక్క మాట అనిపించుకోవాలని, గవర్రాజు ఓ సాయంత్రం తోపులోంచి నాలుగు తీగలు కండువాలో చుట్టుకొచ్చి ఇంట్లో బావి దగ్గర నాటాడు. చాటుగా రోజూ తిన్నాడు. తెలివి పెరగలేదు గానీ ఆకు పెరిగింది. చూస్తుండగానే పుదీనా మడిని మింగింది, బచ్చలిపాదును కప్పేసింది, స్నానాల బండ కింద దూరి దొడ్డిగుమ్మం దాకా పాకింది. పీకి గోడవతల పారేస్తే అక్కడా మొలిచింది.

"ఏమిటండీ మీరు తెచ్చిపెట్టింది?" అంది బంగారమ్మ.

"తెలివి," అన్నాడు గవర్రాజు.

ఆమె గంప చేతికిచ్చింది. ఆనాటి నుంచి పొద్దున్నే గంపెడు కలుపు పీకితే గానీ విదూషకుడికి చద్దన్నం దక్కేది కాదు.

ఇంతలో తోటమాలి సూరమ్మకు ముప్పు వచ్చిపడింది. తోపులో ఆమె తల్లి కాలం నుంచీ ఉన్న అసలు సరస్వతాకు మడిని ఈ కొత్త ఆకు సగం మింగేసింది. కడుపు మండి సూరమ్మ పలుగు పట్టింది. అందినంత మేర పెరికేసింది. శాస్త్రి ఆమెను కొలువుకు పిలిపించాడు.

"దివ్యౌషధాన్ని నాశనం చేసింది ప్రభూ!"

"ఔషధం కాదు దొరా, కలుపు," అంటూ సూరమ్మ రెండాకులు చూపించింది. "సరస్వతాకు గుర్రపు డెక్కలా ఉంటది. కాడ ఆ చీలిక దగ్గర అంచున అతుక్కుంటది. ఇదేమో గుండ్రంగా గొడుగులా ఉంది, కాడ నడిమధ్యన. కణుపు కణుపుకీ వేరు పడతది. దీన్ని ఇలాగే వదిలేస్తే అసలుది మిగలదు."

"గొడుగు రాజలాంఛనం! అందుకే ఇది దివ్యమైంది," అన్నాడు శాస్త్రి.

రాజుగారికి ఇద్దరి మాటలూ నచ్చాయి. నచ్చినప్పుడే ఆయనతో ప్రమాదం.

"రేపటికల్లా ఇది కలుపని రుజువు కావాలి. కాకపోతే సూరమ్మ తోట వదిలి పోవాలి. ఆమె తరఫున మాట్లాడేవాడుంటే, ఓడితే వాడూ కొలువు వదిలి పోవాలి!"

సభంతా తల దించుకుంది. గవర్రాజూ దించుకున్నాడు. దించుకుంటే తన గోళ్ళలో ఇరుక్కున్న మట్టి కనిపించింది. ఈ ఆకుతో రోజూ కుస్తీ పట్టి రోజూ ఓడిపోతున్న మొనగాడు ఈ కొలువులో తానొక్కడే. తెలిసి కూడా నోరు మూసుకుంటే ఎలా?

"నేను మాట్లాడతాను ప్రభూ," అని ఎవరో అన్నారు. ఆ గొంతు తనదేనని గవర్రాజుకి కాస్త ఆలస్యంగా తెలిసింది.

మర్నాడు అతను వట్టి చేతులతో వచ్చి, నేరుగా శాస్త్రికే దండం పెట్టాడు.

"ముందు నా తప్పు ఒప్పుకుంటాను ప్రభూ. ఈ ఆకు దొంగిలించి తిన్నాను. తిన్నాక కూడా ఇలాగే ఉన్నాను. అది ఆకు లోపం ఎందుకవుతుంది? రాతి మీద ఎంత వాన కురిస్తే ఏం లాభం?"

సభ నవ్వింది. సూరమ్మ ముఖం పాలిపోయింది. శాస్త్రి మీసం దువ్వాడు.

"ఇంత గొప్ప మందు ఒక్క తోపులోనే ఉంటే చాలదు. శాస్త్రిగారి పెరట్లో మందుల తోట ఉంది కదా. చల్లటి నీడ, ఎప్పుడూ తడి. అందుకని మా పెరట్లోది నాలుగు గంపలు పీకి మా ఆవిడకిచ్చాను. మడి మడికీ నాటి రమ్మన్నాను."

మీసం మీద శాస్త్రి చెయ్యి ఆగిపోయింది.

"ఎవరి పెరట్లో?"

"మీ పెరట్లోనే! ఈపాటికి సగం నాటేసి ఉంటుంది. మా ఆవిడ పని మొదలుపెడితే ఆపదు."

"ఓరి నీ ఇల్లు బంగారంగానూ!" శాస్త్రి ఆసనం మీంచి ఎగిరి దూకాడు. "ఒక్క కణుపు పడితే చాలు, ఏడాది తిరక్కుండా తోటంతా స్వాహా! పాతికేళ్ళుగా పెంచిన మొక్కలు! ఎవరక్కడ? పరుగెత్తండి! ఆ దిక్కుమాలిన కలుపును..."

ఆగిపోయాడు. అప్పటికే నోరు జారింది.

గవర్రాజు చేతులు కట్టుకున్నాడు.

"దాని పేరు శాస్త్రిగారే చెప్పారు ప్రభూ."

"నీ తోటలో కలుపు, నా తోటలో దివ్యౌషధమా?" అన్నారు రాజుగారు.

"రేవులో ఎవడో అంటగట్టాడు ప్రభూ. సంగతి తెలిసేసరికి చెప్పడానికి మొహం చెల్లలేదు," అని శాస్త్రి గొణిగాడు. "కానీ ముందు నా తోట..."

"గంపలు కోట గుమ్మం బయటే ఉన్నాయి శాస్త్రిగారూ," అన్నాడు గవర్రాజు. "పరాయి పెరట్లో ఇది నాటే పాపం నాకొద్దని మా ఆవిడ వాటి పక్కనే కూర్చుంది."

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. మెడలోని ముత్యాల హారం తీసి సూరమ్మకిచ్చారు. తోపులో ఆఖరి కణుపు పోయేదాకా శాస్త్రి ఆమె చెప్పినట్టు కలుపు తియ్యాలన్నారు. తర్వాత గవర్రాజు వైపు తిరిగారు.

"నిజం చెప్పవోయ్! ఈ ఉపాయం ఆ ఆకు తినడం వల్ల తట్టిందా?"

"తినడం వల్ల కాదు ప్రభూ, పీకడం వల్ల!"

కొలువంతా ఘొల్లుమంది. రాజుగారు నవ్వుతూనే వేలి పచ్చల ఉంగరం తీసి గవర్రాజు చేతిలో పెట్టారు.