ముప్ఫై డిగ్రీలు

కోటిలింగాచారిగారు వడ్రంగం నేర్పేటప్పుడు ప్రశ్నకి నోటితో జవాబు చెప్పరు. ఏదో ఒక చెక్క చేతికిస్తారు.

ఒకరోజు వరహాలమ్మ మడతమంచానికి కాళ్లు బిగిస్తోంది. రెండు కాళ్లూ ఒకదాన్నొకటి అడ్డంగా దాటి, నడుమ ఒక్క బోల్టు దగ్గర కలిసి ఉన్నాయి. వాటిని చూస్తూ అడిగింది.

"ఎదురెదురు కోణాలు సమానమన్నారు. కొలిచి చూశాను, నిజమే. పక్కపక్కవి మాత్రం ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. వాటికేం చుట్టరికమండీ గురువుగారూ? అచ్చం మా ఆడపిల్లలిద్దరిలా, దేని దారి దానిదే."

ఆచారిగారు షెడ్డు మూలకి చూశారు. అక్కడ తొమ్మిదేళ్ల పైడితల్లి, చిత్రిక పట్టగా రాలిన చెక్క చుట్టల్ని గాజుల్లా చేతికి తొడుక్కుంటోంది.

"చిన్నదానికి ఇవాళ బడి లేదా?"

"పెద్దది పట్నంలో నర్సింగులో చేరింది కదండీ. ఇంట్లో పనందుకునే మనిషి లేదు. ఈ ఏడాదికి దీన్ని మాన్పించాను. ఇదేం అనుకోదు లెండి."

"నన్నడిగితే కదా!" అంది పైడితల్లి, తల ఎత్తకుండానే.

"చూశారా నోరు!" అని వరహాలమ్మ నవ్వేసింది.

ఆచారిగారు నవ్వలేదు. బోల్టుతో కలిసిన ఆ రెండు కాళ్లనీ నేలమీద పరిచారు. "పైవైపు తెరువు," అన్నారు.

ఆవిడ పైకొనలు రెండూ పట్టుకుని లాగింది. కొత్త బోల్టు, బిగువుగా ఉంది. ఒంట్లో బలమంతా కూడదీసుకుని మళ్లీ లాగింది. "ఎంత తెరుచుకుందో చూడండి!"

సరిగ్గా అప్పుడే పైడితల్లి చెక్కగాజు ఒకటి దొర్లి, బోల్టు పక్క సందులో పడింది. పిల్ల దాని వెంటే వచ్చి, వంగి చెయ్యి పెట్టింది. తల్లి చూడలేదు, ఇంకా లాగుతూనే ఉంది. ఆచారిగారి చెయ్యి మాత్రం కదిలింది.

టప్పుమని ఏదో విరిగింది. పిల్ల కెవ్వుమంది.

ఎముకే అనుకుంది వరహాలమ్మ. పట్టుకున్న చెక్క వదలడం కూడా చేతకాలేదు.

చూస్తే, సందులో పిల్ల వేళ్ల పక్కన ఆచారిగారు కోణాలు సరిచూసుకునే టేకు మూలమట్టం. ఆయన తండ్రి వాడినది. మూల దగ్గర రెండు ముక్కలైంది. పైన తెరుచుకున్నకొద్దీ పక్కన మూసుకుపోతున్న చెక్కల్ని ఆపింది అదే.

వరహాలమ్మ పిల్ల చెయ్యి లాక్కుని వేళ్లు లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. ఐదూ ఉన్నాయి. రెండింటి మీద ఎర్రటి గీత.

"నేను మూయలేదండీ," అంది. "తెరిచానంతే. ఒట్టు, తెరిచానంతే."

ఆచారిగారు విరిగిన ముక్కలు రెండూ ఏరుకుని, పైడితల్లి వైపు చూశారు.

"చెక్క సాగలేదు కదమ్మా. పైన ముప్ఫై డిగ్రీలు ఎక్కువ తెరిచావు. అవి ఎవరి దగ్గర్నుంచి వచ్చాయి?"