సున్నపుగుట్ట రోడ్డు గంట

వీరభద్రాచారిగారు ఏదడిగినా వెంటనే జవాబు చెప్పరు. శిష్యుడికి ఓపిక నశించేదాకా ఆగి, ఆనక ఏదో ఒకటి చేయించి చూపిస్తారు. పాత కట్టడాలు బాగుచేసే విద్య ఆయన దగ్గర నేర్చినవాళ్ళందరూ ఈ బాధ పడ్డవాళ్ళే.

వాళ్ళలో నాసరయ్య ఒకడు. పల్నాట సున్నపుగుట్ట రోడ్డు స్టేషను అతని చేతికొచ్చింది. తెల్లదొరల కాలంలో కట్టింది. పెద్ద లైను ఊరికి అవతలగా పోయాక దానికి రైలు మొహం తెలియదు. నాసరయ్య పెంకులు నేయించాడు, టికెట్ల కిటికీకి టేకు చెక్క వేయించాడు, గంటగా వేలాడే రైలుపట్టా ముక్కను తోమించి దాని చుట్టూ అద్దాల పెట్టె కట్టించాడు. ఇంత చేసినా ప్రారంభోత్సవంనాడు జనం వచ్చి, చూసి, ఆవలించి, పందిట్లో చతికిలబడ్డారు. ఊరికి పట్టకపోతే స్టేషనును సిమెంటు గోదాముకిచ్చేస్తామని పై అధికారి ముందే చెప్పాడు. ఆయన అప్పటికే లేచి చెప్పులు వెతుక్కుంటున్నాడు.

"గురువుగారూ, ఒక్క మేకు కూడా తప్పు పోలేదే! ఇంకేం తక్కువైంది?" అన్నాడు నాసరయ్య. ఏడుపొక్కటే తక్కువ.

ఆచారిగారు అద్దం తలుపు తీసి, ఇనుప కడ్డీ అతని చేతికిచ్చి, "కొట్టు" అన్నారు.

"అరిగిపోతుందండీ!"

"కొట్టవయ్యా!"

కొట్టాడు. ఖంగుమంది. రైలు వెనకటి స్టేషను దాటిందనడానికి ఆ రోజుల్లో అలాగే కొట్టేవారు.

జామకాయల ఆదెమ్మ బుట్ట నెత్తికెత్తుకుని, "రైలొస్తంది, జరగండయ్యో!" అంటూ ప్లాట్‌ఫారం మీదికి ఉరికింది. తాతలు తుండుగుడ్డలు దులిపి లేచారు. తల్లులు పిల్లల రెక్కలు పట్టుకున్నారు. ఒకప్పుడు గేటు కాసిన మస్తాను, లేని గేటు వెయ్యడానికి పరుగెత్తాడు. అందరూ తూర్పుకేసి మెడలు చాచారు. అక్కడ పట్టాలైనా లేవు. తుమ్మచెట్ల కింద రెండు గేదెలు నెమరేస్తున్నాయి.

తర్వాత చూడాలి నవ్వులు! నేయించిన పెంకులు మళ్ళీ లేచిపోతాయేమోనని నాసరయ్యకు భయమేసింది. ఆదెమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "కొత్త పెళ్ళికూతురుగా నే దిగింది ఇక్కడేనయ్యా సారూ" అని అధికారి చేతిలో జామకాయ పెట్టింది. దాంతో తలా ఒక కథ అందుకున్నారు. అధికారి చెప్పుల సంగతి మరచి, తానూ ఒకసారి గంట కొట్టి మురిసిపోయాడు. గోదాము మాట మళ్ళీ ఎత్తితే ఒట్టు.

సంతోషం పట్టలేక నాసరయ్య గురువుగారి కోసం వెతికాడు. ఆయన సంచీ చంకన పెట్టుకుని, ప్లాట్‌ఫారం అంచున తూర్పుకు తిరిగి నిలబడి ఉన్నారు.

"రైలు రాదని తెలిసి మీరు కూడానా గురువుగారూ?"

"నాకు తెలుసయ్యా," అన్నారు ఆచారిగారు. "గంట వినగానే సంచీ అందుకున్న ఈ చేతికి ఎవరు చెప్పారు?"