తీతువు కూయని ముహూర్తం

గాలికనుమ దిగువన ఒక పచ్చికలోయ ఉండేది. ఎండాకాలంలో కూడా అక్కడ లేతగడ్డి దొరికేది. ఉన్న బాధల్లా ఒక్కటే, కనుమ మీదుగా అప్పుడప్పుడు రేచుకుక్కలు దిగేవి. అందుకని తాతలనాటినుంచి ఏ మందకు ఆ మంద సొంత కావలి పెట్టుకునేది. లేళ్ళకు ముసలి లేళ్ళు, దున్నలకు వీపు మీది కొంగలు. అది గొప్ప పద్ధతేమీ కాదు. కావలి ఉన్నవాళ్ళకు కడుపునిండా మేసే తీరిక దొరికేది కాదు. అయినా పిల్లలు బతికి బట్టకట్టేవి.

ఆ అడవికి పెద్ద ఏనుగుదొర. మనిషి మంచివాడే అన్నట్టు, ఏనుగూ మంచిదే. కాకపోతే పొగడ్త వినడానికి ఆ రెండు చెవులూ చాలవు. ఈ సంగతి కనిపెట్టిన నక్క ఒకరోజు దొర దగ్గర చేరింది.

"దొరా, ఇంకా ఈ పాతకాలపు కావళ్ళేమిటి? అడవంతటికీ ఒకే పిలుపు పెట్టేద్దాం. కనుమ మీద కోతి కుక్కల్ని చూసి అరుస్తుంది. సగందారిలో మద్దిచెట్టు మీద కొండముచ్చు అది విని అందుకుంటుంది. కొండముచ్చు అరుపు విని లోయ అంచున నెమలి కేకేస్తుంది. రెప్పపాటులో మందలన్నీ వాగు దాటేస్తాయి. ఇలాంటిది చుట్టుపక్కల ఏ అడవిలోనూ లేదు."

"ఏ అడవిలోనూ లేదా?" అన్నాడు దొర. ఆ ఒక్క ముక్కకే పడిపోయాడు. వాగు ఒడ్డున ఉన్న మేడితోపు మొత్తం నక్కకు కూలి కింద రాసిచ్చేశాడు. ముహూర్తం పెట్టాడు. పక్క అడవి ఎలుగుబంటి పెద్దను కూడా పిలిచాడు.

అయితే ఆ అడవిలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త పని ఏది మొదలెట్టినా ముందు తీతువు దాన్ని పరీక్షించాలి. నచ్చితే చట్రాతిబండ ఎక్కి మూడుసార్లు కూయాలి. అది కూస్తేగాని ఏ మందా కదలదు. వాగు మీద దుంగలు వేసినా, ఉప్పునేలకు కొత్తదారి తీసినా, తీతువు తన ఉడుతల్ని వెంటేసుకుని ఎగుడుదిగుడులన్నీ చూసేది. ఇంత చేసినా దానికి మిగిలింది చెడ్డపేరే. తీతువు కూత అపశకునమంటారు. ఆకాశం కూలితే కాళ్ళతో ఆపుదామని వెల్లకిలా పడుకుంటుందని వెక్కిరిస్తారు. దుంగ పుచ్చిందని చెప్పినవాళ్ళను తిట్టి, పుచ్చిన దుంగ వేసినవాళ్ళకు దండలు వేసే లోకం మరి. ఒళ్ళు మండదా?

పరీక్ష రోజున దొరా, మందలూ లోయలో నెమలి చుట్టూ చేరి కూర్చున్నారు. తీతువు మాత్రం సగందారిలో, జలపాతం పక్కనున్న మద్దిచెట్టు ఎదుట రాతి మీద వాలింది.

"ఇక్కడేం కనబడుతుందమ్మా, అందరూ అక్కడుంటే?" అంది ఒక ఉడుత.

"చివర్న కూర్చుని చప్పట్లు కొట్టడానికి మనమెందుకు? దారి నడుమ ఏం జరుగుతోందో చూడు" అంది తీతువు.

కనుమ మీద కోతి అరిచింది. ఇంకాసేపటికి లోయలో నెమలి కేక ఘనంగా మోగింది. మందలు పొలోమని లేచాయి. దొర తొండమెత్తి మెచ్చుకున్నాడు. ఇదంతా అయ్యాక మద్దిచెట్టు మీద కొండముచ్చు తాపీగా నోరు తెరిచి అరిచింది.

తీతువు ఉలిక్కిపడింది. నడుమ ఉన్నది అరవకుండా చివర ఉన్నదానికి ఎలా తెలిసింది? నేరుగా చెట్టెక్కి అడిగింది.

"అన్నా, కోతి అరుపు నీకు వినబడిందా?"

"పక్కన జలపాతం పెట్టుకుని ఏం వినబడుతుంది తల్లీ? ఈ హోరులో నా గొంతే నాకు వినబడదు" అంది కొండముచ్చు.

"మరెట్లా అరిచావు?"

"నక్క మేనల్లుడొకడు కనుమ నుంచి పరుగెత్తుకొచ్చి నా తోక లాగుతాడు. అప్పుడు అరుస్తా. ఇంకొకడు అడ్డదారిన నెమలి దగ్గరికి పోతాడు. ఇవాళ వాడు ముందు చేరినట్టున్నాడు."

తీతువుకు సంగతి అర్థమైంది. పిలుపూ లేదు, పాడూ లేదు. పొదలమాటున నక్కపిల్లలు పరుగెత్తి వార్త మోస్తున్నాయి. పరీక్ష నాడు మోస్తాయి సరే, రోజూ మోస్తాయా? పనైపోయిన మర్నాడే మేడితోపులో పళ్ళు తిని పడుకుంటాయి. అప్పుడు రేచుకుక్కలు దిగితే?

"ఈ మాట దొర ముందు చెప్తావా అన్నా?"

కొండముచ్చు తోక ముడుచుకుంది. "నాకు పిల్లలున్నారమ్మా. మేడిపళ్ళు ఇస్తానన్నాడు నక్కమావ. నా పేరెత్తకు."

తీతువు ఒంటరిగానే దొర దగ్గరికి వెళ్ళింది. నక్క అప్పటికే అక్కడ కూర్చుని దొర చెవిమీది ఈగలు తోలుతోంది.

"దొరా, పిలుపు జలపాతం దాటడంలేదు. నక్కమావ అల్లుళ్ళు కిందినుంచి పరుగెత్తి చెబుతున్నారు" అంది తీతువు.

నక్క నొచ్చుకున్నట్టు మొహం పెట్టింది. "కుర్రాళ్ళు రేగుపళ్ళకు తిరుగుతుంటే దానికి కూడా రాగం తీయాలా అమ్మా? నెమలి కేక మీరు చెవులారా విన్నారా లేదా దొరా?"

"విన్నాను" అన్నాడు దొర. "తీతువమ్మా, శుభం పలకరా మంకెన్నా అంటే ఏదో అన్నట్టు, నీ నోట ఎప్పుడూ మంచిమాట రాదేం? ఎలుగుబంటి పెద్ద బయల్దేరాడని కబురొచ్చింది. ఇప్పుడు రేపటి ముహూర్తం మారిస్తే నా పరువేం కాను?"

"మీ పరువు పోతే మళ్ళీ వస్తుంది దొరా. పోయిన పిల్లలు రారు."

నక్క దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. "చూడు తల్లీ, చిన్నాచితకా లోపాలు ఎక్కడుండవు? ముందు ముహూర్తం కానీ. వానలు వెలిశాక తీరిగ్గా సరిచేస్తాను."

"వానలు వెలిసేదాకా ఆగమని రేచుకుక్కలకు కబురు పెట్టావా మావా?" అంది తీతువు.

దొర విసుగ్గా తొండం ఊపాడు. ఇక వెళ్ళమని అర్థం. తీతువు వెళ్ళిపోతుంటే వెనకనుంచి నక్క నవ్వు వినబడింది.

దారిలో చుక్కమ్మ అనే లేడి ఎదురైంది. దానికి అప్పుడే ఈనిన కూన ఉంది, ఇంకా కాళ్ళు నిలవడంలేదు. దాన్ని పొదకింద పడుకోబెట్టి చుక్కమ్మ అడిగింది, "అక్కా, పాత కావళ్ళను మాన్పించేస్తారట గదా. నా బిడ్డ పరిగెత్తలేదు. పిలుపు ముందుగా అందితే మూతితో నెట్టుకునైనా వాగు దాటిస్తాను. నువ్వు కూస్తే నమ్ముతాను. కూస్తావా?"

తీతువు పొదకింది కూనను చూసింది. అడవిలో ఇన్ని నోళ్ళున్నాయి, ఈ తల్లి మాత్రం తన కూతనే నమ్ముకుంది. ఆ కూత అబద్ధమైతే రేచుకుక్కలకంటే ముందు తనే ఆ కూనను చంపినట్టు. "ముసలి లేళ్ళను రేపటిదాకా కావలి వదలనివ్వకు. అంతవరకే చెప్పగలను" అంది.

తర్వాత చాలాసేపు ఆలోచించింది. ఉన్నమాట చెబితే దొర వినడు. వినని చెవికి చెప్పడంకంటే చూసే కంటికి చూపించడం మేలు. ఆ సాయంత్రమే మళ్ళీ దొర దగ్గరికి వెళ్ళి, ఈసారి మెత్తగా మాట్లాడింది.

"దొరా, రేపు అందరి ఎదుటా పిలుపు లోయకు చేరితే బండెక్కి మూడుసార్లు కూస్తాను. చేరకపోతే కూయను. ఇక నా తగువు లేదు. కానీ ఒక్కటి. ఇంత పని చేసినవాళ్ళకు సత్కారం లేకపోతే ఎలుగుబంటి పెద్ద ఏమనుకుంటాడు? నక్కమావతోపాటు మేనల్లుళ్ళందరినీ చట్రాతిబండ మీద మీ పక్కనే కూర్చోబెట్టండి. ఒక్కడు తగ్గినా బాగుండదు."

"ఇదీ మాటంటే. ఇన్నాళ్ళకు నీ నోట శుభం వచ్చింది" అని దొర పొంగిపోయాడు. నక్కకు అప్పటికప్పుడే కబురు వెళ్ళింది. నక్కకు గొంతులో వెలక్కాయ పడింది. కానీ దొర పక్కన పీట అంటే ఆశ ఊరుకుంటుందా? ఇద్దరు అల్లుళ్ళను మాత్రం పొదల్లో ఉంచి, మిగతావాళ్ళతో వద్దామనుకుంది.

మర్నాడు బండ మీద ఏనుగుదొర, పక్కన ఎలుగుబంటి పెద్ద, ఆ పక్కన తోకలు దువ్వుకున్న నక్కలు. కింద పచ్చికలో మందలన్నీ ఉన్నాయి. చుక్కమ్మ కూనను కాళ్ళమధ్య పెట్టుకుని నిలబడింది. ఇంతలో ఉడుతలు పొదల్లోంచి ఇద్దరు నక్కకుర్రాళ్ళను తరుముకొచ్చాయి.

"సత్కారమంటే సిగ్గుపడి దాక్కున్నారు దొరా" అంది ఒక ఉడుత.

"సిగ్గెందుకర్రా? రండి, ఇలా ముందుకు రండి" అని దొర తొండంతో ఇద్దరినీ ఎత్తి తన కాళ్ళ దగ్గర కూర్చోబెట్టాడు.

కనుమ మీదున్న ఒక ఉడుత మొదలుపెట్టమని తోక ఊపింది. కోతి అరవడం మొదలుపెట్టింది. బండమీదినుంచి చూస్తే అది ఎగరడం, చేతులూపడం, గుండెలు బాదుకోవడం అన్నీ కనబడుతున్నాయి. చప్పుడు మాత్రం రావడంలేదు. మద్దిచెట్టు మీద కొండముచ్చు వీపు గోక్కుంటోంది. లోయ అంచున నెమలి ఈక సర్దుకుంటోంది.

దొర చెవులు నిక్కించాడు. ఎలుగుబంటి పెద్ద మెల్లిగా దగ్గాడు.

నక్క దొర చెవి దగ్గరికి వంగింది. "దొరా, పెద్ద అల్లుడికి పొట్టలో నొప్పట. ఒక్కసారి కిందికి పంపి..."

"కూర్చోనీ మావా, దండలు ఇంకా వేయలేదు" అంది తీతువు.

"పోనీ నేను..."

"నువ్వు అసలే కదలకూడదు. నీ పనేగా అందరూ చూడ్డానికొచ్చింది."

కనుమ మీద కోతి గొంతు పోయి, అరవడం ఆపి కూలబడింది. పచ్చికలో అంతా చూశారు. మొదట కదిలింది చుక్కమ్మ. కూనను మూతితో నెట్టుకుంటూ ముసలి లేళ్ళు కావలి ఉన్న మెరక వైపు నడిచింది. దాని వెంట లేళ్ళు, లేళ్ళ వెంట దున్నలు కదిలాయి. దొర సెలవు ఎవరూ అడగలేదు.

ఏనుగుదొర మొహం మాడిపోయింది. తీతువు వైపు తిరిగాడు. "సంగతి ఇదని ముందే గట్టిగా చెప్పొచ్చుగా?"

తీతువుకు అప్పటిదాకా ఆపుకున్నదంతా పైకొచ్చింది. "చెప్పాను దొరా. మీ ఎదటే చెప్పాను. మీరు నెమలి కేక విన్నారుగాని నా మాట వినలేదు. నా నోరు మంచిది కాదన్నారు. ఎలుగుబంటి పెద్ద ముందు పోయే పరువు మీకు కనబడింది, ఆ కూన కనబడలేదు. ఇవాళ దిగింది ఉత్త పిలుపు కాబట్టి సరిపోయింది. కుక్కలే దిగుంటే ఈపాటికి చుక్కమ్మ ఎవరిని అడిగేది? నన్నడిగేది. నువ్వు కూశావు గదా అక్కా అని నన్నడిగేది."

దొర తల దించుకున్నాడు. సిగ్గు కోపంగా మారడానికి ఎంతోసేపు పట్టదు, ఆ కోపం నక్క మీదికి మళ్ళింది. మేడితోపు వెనక్కి తీసుకున్నాడు. నక్కనూ దాని అల్లుళ్ళనూ కనుమ అవతలికి పొమ్మన్నాడు.

నక్క కాళ్ళావేళ్ళా పడింది. "అవతల రేచుకుక్కలుంటాయి దొరా. కావలి కాచే దిక్కు కూడా ఉండదు. అవి వస్తున్నాయని మాకెలా తెలుస్తుంది?"

దొర కంటే ముందే తీతువు అందుకుంది. "నువ్వు కట్టిన పిలుపు ఉందిగా మావా. చెవి ఒగ్గి విను."

నక్కలు తోకలు కాళ్ళసందున పెట్టుకుని కనుమ ఎక్కాయి. బండ మీద దండలు అలాగే వాడిపోయాయి.

కీడు చెప్పే నోరు మూయిస్తే కీడు ఆగదు, చెప్పేవాళ్ళు ఆగిపోతారు.