డాక్టరమ్మను సంతోషపెట్టిన చిట్టబ్బాయి

కడియంలో మొక్కల తోట నడుపుకునే చిట్టబ్బాయి చాలా మంచివాడే కానీ, ఎదుటివాళ్ల మొహం చిన్నబోతే చూడలేక ఎంత అబద్ధమైనా నవ్వుతూ చెప్పేసేవాడు.

ఎవరైనా వచ్చి, "ఈ సంపెంగ ఎప్పుడు పూస్తుందయ్యా?" అని అడిగితే, "ఆయ్, నెల తిరక్కుండా పూసేస్తుందండి!" అనేవాడు. వాళ్లు మురిసిపోయి మొక్కను ఆటోలో పెట్టుకుని వెళ్లిపోయేవారు.

"ఏళ్ల తరబడి పెరిగితే గాని పూయని మొక్కకి ఆ మాట ఎందుకు చెప్పారండీ?" అని భార్య మంగతాయారు నిలదీసేది.

"నిజం చెబితే వాళ్లు ఉసూరుమనేవారు కదే తాయారూ. ఇప్పుడు చూడు, ఎంత సంబరంగా వెళ్తున్నారో!" అనేవాడు చిట్టబ్బాయి.

చుట్టాలింట్లో పులుసు ఉప్పుకషాయంలా ఉన్నా సరే, ఆహా ఓహో అని మెచ్చుకుని మళ్లీ వడ్డించమనేవాడు. అందుకే అతనంటే ఊళ్లో అందరికీ ఇష్టం.

అలాంటి చిట్టబ్బాయికి కడుపులో మంట పట్టుకుంది. తిన్న కాసేపటికి గుండెల్లోకి ఏదో ఎగదన్నినట్టుండేది. పుల్లటి తేన్పులు వచ్చేవి. వాము నమలమన్నారు, నమిలాడు. సోడా తాగమన్నారు, తాగాడు. చిట్కా చెప్పినవాళ్లు మర్నాడు అడిగితే, "భలే పనిచేసిందండి" అని వాళ్లనీ సంతోషపెట్టాడు. మంట మాత్రం ఉన్నచోటే ఉంది. ఇక లాభం లేదని మంగతాయారు అతన్ని బస్సెక్కించి రాజమండ్రిలో ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది.

అక్కడ డాక్టర్ మృణాళిని అని ఒకావిడ ఉండేది. చిన్న వయసే. కడుపు జబ్బుల మీద పరిశోధన చేస్తోంది. ఆవిడ చిట్టబ్బాయి గొంతులోంచి సన్నటి గొట్టం ఒకటి పంపింది. దాని చివర కెమెరా ఉంటుంది. కడుపు లోపలంతా టీవీ తెర మీద కనబడుతుంది. దాన్ని ఎండోస్కోపీ అంటారని, లోపల పుండు పడిందని ఆవిడ చెప్పింది.

"దీనికి పాత మందులు ఉన్నాయి, వాటితోనూ తగ్గుతుంది. కొత్త మందు ఒకటి వచ్చింది. దానివల్ల ప్రమాదం లేదని ముందే చూశారు. ఎంతవరకు పనిచేస్తుందో ఇప్పుడు మేం చూస్తున్నాం. మీకు ఇష్టమైతేనే చేరండి. మధ్యలో మానేయాలనిపిస్తే మానేయొచ్చు. రోజూ పొద్దున్నే ఒక మాత్ర వేసుకోవాలి. అప్పుడప్పుడూ వచ్చి ఎలా ఉందో నాకు చెప్పాలి. అంతే," అంది డాక్టర్.

"ఆయ్, అంతకన్నానా డాక్టరమ్మగారూ!" అన్నాడు చిట్టబ్బాయి.

మందు బాగానే పట్టింది. పగలంతా హాయిగా ఉండేది. కానీ తెల్లవారుజాము అయ్యేసరికి కడుపులో నిప్పు రాజుకున్నట్టయి మెలకువ వచ్చేది. లేచి కూర్చుని చన్నీళ్లు తాగుతూ తెల్లారేదాకా గడిపేవాడు.

కొన్నాళ్లకి ఆసుపత్రికి వెళ్లాడు. ఆ రోజు డాక్టరమ్మ కళ్లు గుంటలు పడి ఉన్నాయి. బల్ల మీద టిఫిన్ డబ్బా మూత తీయకుండా అలాగే ఉంది. చిట్టబ్బాయిని చూడగానే ఆశగా ముందుకు వంగి, "తగ్గింది కదండీ?" అని అడిగింది.

తెల్లవారుజాము సంగతి చిట్టబ్బాయి నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఆ మొహం చూశాక మనసొప్పలేదు.

"తగ్గడమేంటండీ, మాయమైపోయిందండి! మీ చేతి చలవ!" అన్నాడు.

డాక్టరమ్మ మొహం వెలిగిపోయింది. "నిజంగానా!" అంటూ టిఫిన్ డబ్బా దగ్గరికి లాక్కుంది. ఒక మనిషిని ఇంత తేలిగ్గా సంతోషపెట్టొచ్చా అని చిట్టబ్బాయి పొంగిపోతూ బయటికి వచ్చాడు.

బయట బెంచీ మీద అదే మందు వాడుతున్నవాళ్లు కూర్చుని ఉన్నారు. వాళ్లలో రిటైరైన టీచరు కామేశ్వరమ్మ, లారీ డ్రైవరు జాన్‌బాబు అతనికి బాగా పరిచయమైపోయారు.

"నాకింకా కాస్త మంటగానే ఉంటోందయ్యా. డాక్టరుగారికి చెప్పాలి," అంది కామేశ్వరమ్మ.

"అయ్యో, అంత పని చేయకండి మేష్టారమ్మా! ఆ పిల్ల పాపం తిండి కూడా మానేసి కష్టపడుతోంది. బాగుందని ఒక్క మాట అంటే మన సొమ్మేం పోతుంది? కడుపన్నాక కాస్త మండకుండా ఉంటుందా?" అన్నాడు చిట్టబ్బాయి.

కామేశ్వరమ్మ మనసు కరిగింది. "నేనూ అదే అనేస్తాలే అన్నా," అన్నాడు జాన్‌బాబు. ఆ మాట బెంచీ ఈ చివర నుంచి ఆ చివరకి పాకింది. ఆ రోజు లోపలికి వెళ్లినవాళ్లంతా నవ్వుతూ వెళ్లి, నవ్వుతూ వచ్చారు. డాక్టరమ్మ ఆనందానికి పట్టపగ్గాలు లేవు.

ఇంటి దగ్గర మంగతాయారు ఊరుకోలేదు. "తెల్లారకుండానే లేచి కూర్చుంటున్నారు. ఆ సంగతి డాక్టరమ్మకి చెప్పారా?" అని అడిగింది.

"చెబితే ఆవిడ బాధపడుతుందే."

"ఆవిడ బాధపడకూడదని మీరు మండిపోతారా?" అని మంగతాయారు విసురుగా లోపలికి వెళ్లిపోయింది.

మళ్లీ ఎండోస్కోపీ చేసే రోజు వచ్చింది. చిట్టబ్బాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్లికి వెళ్తున్నవాడిలా వెళ్లాడు. డాక్టరమ్మ కూడా హుషారుగా గొట్టం పంపింది. తెర మీద కడుపు కనబడింది. ఆవిడ నవ్వు ఆగిపోయింది. పుండు మానలేదు సరికదా, ఇంకాస్త పెద్దదైంది. అంచున ఎర్రగా రక్తం చెమ్మ కూడా ఉంది.

గొట్టం తీసి, అతను తేరుకునేదాకా ఆగి, డాక్టరమ్మ తెర అతని వైపు తిప్పింది.

"ఇది మీ కడుపే చిట్టబ్బాయిగారూ. ఇంత పుండు పెట్టుకుని మంట లేదని ఎలా చెప్పారండీ? ఇంకొంచెం ఆలస్యమైతే రక్తం కక్కుకునేవారు."

చిట్టబ్బాయి తెర మీంచి చూపు తిప్పుకున్నాడు. "మీరు నొచ్చుకుంటారని అమ్మా..." అని నీళ్లు నమిలాడు.

"నేను నొచ్చుకుంటే సాయంత్రానికి సర్దుకుంటాను. కానీ మీ మాట నమ్మి, ఈ మందు బ్రహ్మాండంగా ఉందని నేను రాసేస్తే? రేపు ఎక్కడో ఏ పల్లెటూళ్లోనో ఇలాంటి పుండుతోనే ఒక మనిషి దీన్ని వేసుకుంటాడు. తగ్గకపోతే అతను ఎవర్ని అడుగుతాడు? అతనికి మీరూ తెలీదు, నేనూ తెలీదు."

చిట్టబ్బాయి ఇంతవరకు ఎదురుగా ఉన్న మొహాలనే చూశాడు. ఎప్పుడూ చూడని మనిషి ఒకడు తన మాట మీద బతుకుతాడని అతనికి ఏనాడూ తోచలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తప్పయిపోయిందమ్మా. నేనొక్కణ్నే కాదు. బెంచీ మీదున్న వాళ్లందరి చేతా బాగుందనిపించాను," అన్నాడు.

డాక్టరమ్మ తెర ఆపేసి కుర్చీలో కూర్చుంది. తర్వాత చిన్నగా నవ్వింది. "అందులో నా తప్పూ ఉంది లెండి. 'తగ్గింది కదండీ' అని అడిగితే కాదని ఎవరంటారు? ఇకనుంచి 'ఎలా ఉంది' అనే అడుగుతాను. మరి మీరు?"

"వాళ్లందరినీ నేనే తీసుకొస్తానండి. తీసుకొచ్చి నిజం చెప్పిస్తాను," అన్నాడు చిట్టబ్బాయి.

అన్నట్టుగానే ఫోన్లు చేశాడు, ఇళ్లకు వెళ్లాడు, జాన్‌బాబు కోసం లారీల స్టాండులో పడిగాపులు పడ్డాడు. "బాగుందని చెప్పమన్నది నేనే. అది తప్పు. ఉన్నదున్నట్టు చెబుదాం రండి," అని ఒక్కొక్కరినీ బతిమాలాడు. మొహం మీద తలుపేసినవాళ్లూ ఉన్నారు. ఎదుటివాళ్లు చిరాకు పడుతుంటే నవ్వించకుండా నిజం చెప్పడం చిట్టబ్బాయికి అదే మొదటిసారి. అయినా వదల్లేదు. చివరికి అందరూ వచ్చారు.

డాక్టరమ్మ వాళ్ల మధ్య కుర్చీ వేసుకుని కూర్చుని, "ఎలా ఉంది?" అని మాత్రం అడిగింది.

ముందు చిట్టబ్బాయి లేచి నిలబడ్డాడు. "పగలు బాగుంటుందండి. తెల్లవారుజామున మాత్రం కడుపులో పొయ్యి వెలిగించినట్టుంటుందండి. నిద్ర ఉండదండి," అన్నాడు.

"మీక్కూడానా?" అని కామేశ్వరమ్మ ఆశ్చర్యపోయింది. "కోడి కూయకముందే నాకు మెలకువ వచ్చేస్తోంది. వయసు మీద పడింది కదా, నిద్ర పట్టట్లేదనుకున్నాను!"

"నేను లారీలో పడుకుంటాను కదా, ఆ కుదుపులకి అనుకున్నా. నాకూ ఆ వేళకే!" అన్నాడు జాన్‌బాబు.

ఇక అడ్డూ ఆపూ లేదు. ఒకరి మాట పూర్తి కాకముందే ఇంకొకరు అందుకున్నారు. ఒకాయన లేచి, మంట వచ్చినప్పుడు తను ఎలా మెలికలు తిరుగుతాడో చేసి చూపించాడు. గది నవ్వులతో నిండిపోయింది.

డాక్టరమ్మ ఒక్క ఉదుటున కుర్చీలోంచి లేచింది. "ఆగండాగండి. అందరికీ తెల్లవారుజామునేనా? పగలు ఎవరికీ లేదా?"

లేదని అందరూ ఒక్క గొంతుతో అన్నారు.

"అయితే మందు మంచిదే! పొద్దున వేసుకున్నది రాత్రి గడిచేదాకా నిలవడం లేదు. మనం వేళ తప్పాం, అంతే!" అని ఆవిడ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

ఆవిడ తన పైవాళ్లతో చర్చించి, వాళ్ల అనుమతి తీసుకుని, మాత్రను రాత్రి భోజనానికి ముందు వేసుకునేలా మార్చింది. చిట్టబ్బాయి పుండు ముదిరింది కాబట్టి అతనికి మాత్రం ముందు పాత మందులు వాడి, రక్తం చెమ్మ ఆగాక, అతను ఒప్పుకున్నాకే మళ్లీ ఈ మందు మొదలుపెట్టింది. ఈసారి ఎవరు వచ్చినా ఉన్నదున్నట్టే చెప్పారు. నోరు ఎండుతోందని ఒకరు, తల దిమ్ముగా ఉందని ఇంకొకరు అన్నారు. ఆవిడ అన్నీ ఓపిగ్గా విని, కావలసినచోట మందు తగ్గించింది.

మళ్లీ గొట్టం పరీక్ష జరిగింది. తెర మీద పుండు ఉన్నచోట లేత గులాబి రంగు పొర నున్నగా మెరుస్తోంది. డాక్టరమ్మ తలుపు తీసి మంగతాయారుని లోపలికి పిలిచి మరీ చూపించింది.

"ఈయన కడుపులో ఇంత అందంగా ఉంటుందా!" అని మంగతాయారు బుగ్గలు నొక్కుకుంది.

"ఎలా ఉందండీ?" అని డాక్టరమ్మ అడిగింది.

"బాగుందమ్మా. తెల్లారేదాకా నిద్రపోతున్నాను," అన్నాడు చిట్టబ్బాయి. చెప్పి ఒక్క క్షణం ఆగి, "ఇది నిజమండి!" అన్నాడు. ముగ్గురూ విరగబడి నవ్వారు.

ఆ సాయంత్రం బెంచీ జట్టంతా ఆసుపత్రి ఆవరణలోనే పండగ చేసుకున్నారు. కామేశ్వరమ్మ పూతరేకులు తెచ్చింది. జాన్‌బాబు ఎక్కడినుంచో అరటిపళ్ల గెల మోసుకొచ్చాడు. మంగతాయారు తెచ్చిన పులిహోర అందరూ భయం లేకుండా తిన్నారు. తన పరిశోధనను పెద్దలు మెచ్చుకున్నారని, ఇంకా చాలా ఊళ్లలో మందు పరీక్షించి చూడబోతున్నారని డాక్టరమ్మ చెబితే అందరూ ఈలలు వేశారు.

"ఈ మెప్పులో సగం మీదే. మీరు నిజం చెప్పకపోతే నాకు ఈ దారి దొరికేది కాదు," అంది ఆవిడ.

తన మాట వల్ల ఒకరి మొహం వెలగడం చిట్టబ్బాయికి కొత్త కాదు. కానీ ఆ వెలుగు నిజం చెప్పడం వల్ల రావడం మాత్రం అదే మొదలు.

ఎదుటివారి మనసు నొచ్చుకుంటుందని చెప్పే తీపి అబద్ధం ఆ పూటకే సంతోషపెడుతుంది. ధైర్యంగా చెప్పిన నిజం మనకీ, మనం ఎన్నడూ చూడనివారికీ కూడా మేలు చేస్తుంది.