తిరగేసిన మూలమట్టం

గురువు బ్రహ్మలింగం గారు బస్సు దిగి వచ్చి, షెడ్డు ముందున్న కుళాయి దగ్గర ఇంకా కాళ్లయినా కడుక్కోలేదు, చక్రధర్ ఫిర్యాదు మొదలుపెట్టేశాడు. అప్పలకొండ చేసిన గుమ్మం వంకరగా వచ్చిందనీ, ఆ మాట అన్నందుకు ఆయన పనిముట్లు గోనెసంచిలో వేసుకుని వెళ్లిపోయాడనీ, మూడు రోజులైనా మనిషి జాడ లేదనీ చెప్పాడు. సోమవారానికల్లా గ్రంథాలయం తలుపు నిలబెట్టాలి. ఆయన కోసం చూస్తూ కూర్చుంటే కుదరదు, కొత్త గుమ్మం ఇంకొకరి చేత చేయిద్దాం అన్నాడు.

గురువుగారు కాళ్లు కడుక్కున్నారు. తువ్వాలుతో నిదానంగా తుడుచుకున్నారు.

"టీ తాగావురా?" అని అడిగారు.

ఇది జరిగి పదిహేనేళ్లు దాటింది. చక్రధర్‌కి కణతలు నెరిశాయి. సొంత షెడ్డు ఉంది, అందులో మూడు మెషిన్లున్నాయి. అయినా ధవళేశ్వరం కాలవ గట్టు మీది ఆ పాత రేకుల షెడ్డు గుర్తొస్తే చాలు, టేకు పొట్టు వాసన ముక్కుకి తగిలినట్టే ఉండి మనసు అదోలా అయిపోతుంది. ఒక మూల చిత్రిక పడుతున్న చప్పుడు, ఇంకో మూల ఎవరో ఎవర్నో వేళాకోళం ఆడుతున్న నవ్వులు, నాలుగింటికి అల్లం టీ. ఇప్పుడక్కడ రంగు డబ్బాల గోడౌన్ ఉంది. ఆ దారిన వెళ్లాల్సి వస్తే అతను తల తిప్పుకుని వెళ్తాడు.

కాకినాడలో డిప్లొమా చదివి వచ్చిన చక్రధర్ మాట మీదే గురువుగారు ఆ షెడ్డుకి చెక్కడం మెషిన్ తెప్పించారు. పెద్ద మంచంలాంటి బల్ల. దాని మీద అటు నుంచి ఇటు అడ్డంగా ఒక ఇనుప దూలం, దానికి వేలాడుతూ తిరిగే ఉలి. పుస్తకంలో ఆ దూలాన్ని గ్యాంట్రీ అని రాశారు. షెడ్డులో వాళ్లకి మాత్రం అది అడ్డదూలమే. దానికి రెండు కాళ్లు, కాలికో మోటారు. ఆ రెండు కాళ్లూ బల్ల పొడుగునా సమానంగా నడవాలి. ఒక కాలు కాస్త ముందుకి పడిందా, దూలం వాలుగా నిలబడుతుంది. అప్పుడు కంప్యూటర్లో చక్కగా గీసిన చతురస్రం కూడా చెక్క మీద వాలుగా తెగుతుంది, చూస్తే కంటికి తెలియదు.

అందుకని అప్పుడప్పుడూ ఆ దూలాన్ని మూలకి తెచ్చి సరిచేయాలి. ఆ పని చక్రధర్‌దే. మూల నిక్కచ్చిగా ఉందో లేదో చూడటానికి విశాఖపట్నం నుంచి కొనుక్కొచ్చిన ఉక్కు మూలమట్టం ఒకటి అతనికి ఉండేది, రెండేసి అడుగుల చేతులది. దాని ఒక చెయ్యి బల్ల అంచుకి ఆనించి, రెండో చేతికి దూలం అంటుకునేదాకా జరిపి, కాళ్లు వెనక్కొచ్చి ఆగేచోట ఉన్న రెండు బోల్టులూ బిగించేవాడు. పనయ్యాక మట్టాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేవాడు. ఇంకొకర్ని ముట్టనిచ్చేవాడు కాదు. చక్రి గారి పట్టపురాణి అనేవాళ్లు దాన్ని.

అప్పలకొండ చదువుకోలేదు. నలభై ఏళ్లుగా గుమ్మాలు చేస్తున్నాడు. ఒకసారి దూలం సరిచేస్తుంటే దగ్గరికొచ్చి, మూల నుంచి మూలకి దారం పట్టి చూసుకో బాబూ, రెండు ఐమూలలూ సమానంగా ఉంటే ఇంకేం చూడక్కర్లేదు అన్నాడు. చక్రధర్ నవ్వాడు. దారం సాగుతుంది బాబాయ్, ఇనుము సాగదు అన్నాడు. అప్పలకొండ కూడా నవ్వేసి తన పనికి తను వెళ్లిపోయాడు.

గ్రంథాలయానికి మూడున్నర అడుగుల వెడల్పున్న టేకు తలుపు, దాని నిండా తామర తీగలు. తలుపు మెషిన్ మీద, గుమ్మం అప్పలకొండ చేతి మీద తయారయ్యాయి. గురువుగారు అమలాపురంలో పెళ్లికి వెళ్లిన రోజునే రెంటినీ జత చేసి చూశారు. పైన ఒక మూల తలుపు గుమ్మాన్ని పట్టేసింది, రెండో మూల రెండు రూపాయి బిళ్లలు దూరేంత సందు.

చక్రధర్ మూలమట్టం తెచ్చి తలుపు మూలకి పెట్టాడు. అతికినట్టు సరిపోయింది. గుమ్మం మూలలో పెట్టాడు. సందులోంచి వెలుగు కనిపించింది. షెడ్డులో ఉన్న ఆరుగురినీ పిలిచాడు, ఆ వెలుగు చూపించాడు.

"చూడండి, నలభై ఏళ్ల చెయ్యి" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. అప్పలకొండ ఆ వెలుగు వంక చూశాడు, మట్టం వంక చూశాడు, చక్రధర్ మొహం వంక చూశాడు. తర్వాత ఉలులు ఒక్కొక్కటీ తుడిచి గోనెసంచిలో వేసుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని వెళ్లిపోయాడు. అలా సంచితో సహా వెళ్లాడంటే ఇక రాడని అందరికీ అర్థమైంది. ఆ పూటకి చక్రధర్‌కి గెలిచినట్టే ఉంది. మర్నాడు ఖాళీగా ఉన్న ఆ మూల చూసినప్పుడు మాత్రం ఏదోలా అనిపించింది. అయినా కొలత కొలతే కదా అని సర్దిచెప్పుకున్నాడు.

ఇదంతా విన్న గురువుగారు అటు గుమ్మం దగ్గరికీ వెళ్లలేదు, ఇటు తలుపు దగ్గరికీ వెళ్లలేదు. మిగతావాళ్లు టీలకి బయటికి వెళ్లాక ఒక చెక్క పలక తెమ్మన్నారు, అంచు చిత్రిక పట్టింది. పెన్సిలు తెమ్మన్నారు.

"నీ మట్టం పెట్టి ఓ గీత గియ్యి."

చక్రధర్ మట్టాన్ని పలక అంచుకి ఆనించి గీశాడు.

"ఇప్పుడు దాన్ని తిరగేసి, ఆ గీత మొదలైన చుక్క దగ్గర్నుంచే ఇంకోటి గియ్యి."

మట్టాన్ని బోర్లా తిప్పి, అటు వైపు నుంచి ఆనించి గీశాడు. రెండు గీతలూ ఒకే చుక్క దగ్గర మొదలయ్యాయి. పైకి పోనుపోను విడిపోయాయి. చివరికొచ్చేసరికి వాటి మధ్య పెన్సిలు సగం పట్టేంత ఎడం ఉంది. మట్టం నిక్కచ్చిదైతే రెండూ ఒకే గీత కావాలి.

పెన్సిలు జారిందేమో అనుకుని మళ్లీ గీశాడు. పలక అంచు బాగాలేదేమోనని ఇంకో పలక తెచ్చి గీశాడు. మూడోది కూడా తెచ్చాడు. గురువుగారు ఈలోగా టీ తాగడం పూర్తిచేశారు.

దూలాన్ని సరిచేసింది ఆ మట్టమే. తలుపుని కోసింది ఆ దూలమే. తలుపు బాగుందని సాక్ష్యం చెప్పింది మళ్లీ ఆ మట్టమే. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. షెడ్డు మొత్తానికి నిక్కచ్చిగా ఉన్నది ఆ గుమ్మం ఒక్కటే.

"గుమ్మాన్ని కొలిచావు, తలుపుని కొలిచావు. దీన్ని ఎప్పుడైనా కొలిచావురా?" అన్నారు గురువుగారు.

చక్రధర్‌కి చెవులు వేడెక్కిపోయాయి. మట్టం పట్టుకుని కాలవ వైపు రెండడుగులు వేశాడు. గురువుగారు చెయ్యి చాపి దాన్ని తీసుకుని గోడకున్న మేకుకి తగిలించారు. పారెయ్యకు, ఎంత తేడానో తెలిసిపోయింది కదా, ఇక అది మనకి అబద్ధం చెప్పలేదు అన్నారు. అప్పలకొండ గురించి ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని చక్రధర్ ఇప్పటికీ అనుకుంటాడు.

సాయంత్రం గీతలున్న పలక ఒకటి చంకలో పెట్టుకుని కాలవ లాకులవతల ఉన్న అప్పలకొండ ఇంటికి వెళ్లాడు. అప్పలకొండ అరుగు మీద కూర్చుని పీట కాలు బాగుచేస్తున్నాడు. చక్రధర్ పలక ఆయన ముందు పెట్టాడు. ఆయన బొటనవేలితో ఒక గీత వెంబడీ నిమిరాడు, తర్వాత రెండో గీత వెంబడీ నిమిరాడు.

"నాదే తప్పు బాబాయ్" అన్నాడు చక్రధర్.

అప్పలకొండ పీట పక్కన పెట్టాడు. లోపలున్న భార్యని పిలిచి మంచినీళ్లు తెమ్మన్నాడు. పొద్దున్నే, మిగతావాళ్లకంటే ముందే వస్తానని చెప్పాడు.

చెప్పినట్టే తెల్లవారుతూనే వచ్చాడు, గోనెసంచితో. షెడ్డులో గురువుగారు, చక్రధర్ మాత్రమే ఉన్నారు. బల్ల మీద ఎనిమిదడుగుల ప్లైవుడ్ వేసి, మెషిన్ చేతనే నాలుగు మూలలా నాలుగు బెజ్జాలు వేయించారు. వాటిల్లో నాలుగు మేకులు దిగ్గొట్టారు. అప్పలకొండ మైనం పట్టించిన నూలుదారం తీసి ఒక చివర మేకుకి కట్టాడు, రెండో చివరని ఐమూలగా ఉన్న మేకు మీదుగా లాగి కిందికి వదిలాడు. ఆ చివర ఒక ఇనుప నట్టు కట్టి ఉంది. దాని బరువుకి దారం బిర్రుగా నిలబడింది.

"దారం సాగుతుందన్నావు చూడు. సాగుతుంది బాబూ. రెండు వైపులా ఒకేలా సాగుతుంది" అన్నాడు.

మేకు తగిలిన చోట దారం మీద పెన్సిలుతో గుర్తు పెట్టాడు. దారం విప్పి రెండో ఐమూలకి కట్టాడు. గుర్తు మేకుకి ఏడు మిల్లీమీటర్లు ఇవతలే ఆగిపోయింది. చక్రధర్ ఎడమ బోల్టు కాస్త తిప్పి దూలాన్ని మళ్లీ వెనక్కి తెచ్చి ఆనించాడు, కొత్త బెజ్జాలు వేశాడు. ఈసారి తేడా రెండు మిల్లీమీటర్లు. మూడోసారి గుర్తు వచ్చి మేకు మీద కూర్చుంది. ముగ్గురూ వంగి చూశారు. గురువుగారు కళ్లజోడు తీసి తుడుచుకుని ఇంకోసారి చూశారు. ఎంత చిన్న పనికి ఎంత సంతోషమో ఆ పొద్దున! ఆ తర్వాత చక్రధర్ ఎన్నో దూలాలు సరిచేశాడు గానీ, అటువంటి పొద్దు మళ్లీ రాలేదు.

ఇక తలుపుకి పై అంచు కాస్త చిత్రిక పడితే సరిపోతుంది. గుమ్మాన్ని ముట్టుకోవాల్సిన పనే లేదు.

అప్పలకొండ దారం చుట్టుకుంటున్నాడు. చక్రధర్ ఉండబట్టలేక అడిగాడు.

"మట్టం తేడాగా ఉందని నీకెప్పుడు తెలిసింది బాబాయ్?"

"గుమ్మంలో పెట్టావు కదా, అప్పుడే. గుమ్మం నేను దారం పట్టి చూసుకున్నదే."

"మరి అప్పుడే చెప్పొచ్చు కదా. ఒక్కసారి తిరగేస్తే అయిపోయేది."

అప్పలకొండ దారం చుట్టడం ఆపలేదు.

"అందరూ ఉన్నారు కదా బాబూ. నువ్వొక్కడివే వస్తావేమోనని మూడు రోజులూ ఇంటి దగ్గర చూశాను."

చక్రధర్ గురువుగారి వైపు చూశాడు. ఆయన ఎటో చూస్తున్నారు.

గేటు దగ్గర సైకిళ్ల చప్పుడైంది. మిగతావాళ్లు పనికి వస్తున్నారు. అప్పలకొండ గబుక్కున గీతలున్న పలకని బల్ల మీద బోర్లా తిప్పి, పైన పొట్టు కప్పి, ఏమీ ఎరగనట్టు చిత్రిక చేతిలోకి తీసుకున్నాడు.

చక్రధర్ పొట్టు దులిపాడు. పలకని తీసుకెళ్లి గీతలు పైకి కనిపించేలా ఆ గుమ్మానికే ఆనించి నిలబెట్టాడు. గోడ మీది మట్టం చేతిలోకి తీసుకుని, వచ్చిన ఆరుగురినీ పేరుపేరునా పిలిచాడు.