పోనీలే అన్నవాళ్ళు

“పాపాన్ని పదిమందిలో సమర్థించిన మనిషి వచ్చి నా ముందు నోరు తెరిస్తే సత్ప్రసాదం పెట్టాలా, మానాలా?” అని ఫాదర్ జోజిబాబు తన గురువుని అడిగాడు.

గురువు ఫాదర్ రాయప్పగారు. సెమినరీలో ఎందరికో నీతిశాస్త్రం చెప్పి చెప్పి గొంతూ మోకాళ్ళూ అరగదీసుకుని, చివరికి ఈ శిష్యుడి గుడీ దాని కింది ఊళ్ళూ కలిసిన విచారణలోనే విశ్రాంతికి వచ్చి చేరారు. ప్రశ్నలంటే ఆయనకి విసుగు, జవాబులంటే మరీ విసుగు. జనం రహస్యంగా తమ పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనాలు మాత్రం ఇంకా ఆయనే వినేవారు, అది కూర్చుని చేసే పని కనక.

జోజిబాబు ఊసుపోక అడగలేదు. ఆ నియోజకవర్గం శాసనసభ్యురాలు అగ్నేసమ్మ ఆ ఊరి ఆడపడుచే, ఆ గుడిలోనే జ్ఞానస్నానం పొందింది. ఇష్టంలేని కడుపు తీయించుకునే హక్కు ఆడదానికి ఉండాలని, సర్కారు ఆసుపత్రిలో అందుకు మొగుడి సంతకం అడగకూడదని ఆమె సభలో గట్టిగా మాట్లాడింది. పేపర్లన్నీ వేశాయి. రాబోయే ఆదివారం ఆమె తల్లికి సంవత్సరం పూజ. ఆమె తప్పకుండా వస్తుంది, ప్రసాదం వరసలో నిలబడుతుంది.

“నేను పెడితే ఆవిడ మాటకి ఆమెన్ అన్నట్టే కదా గురువుగారూ. కడుపులో బిడ్డకి ఓటు లేదు, నోరు లేదు. వాడి తరఫున ఆ ఒక్కచోటయినా నేను నిలబడొద్దా?”

ఈ మాటంటున్నప్పుడు అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతను నటించే రకం కాదు. నటించేవాడైతే రాయప్పగారు ఏదో ఒకటి చెప్పి పంపేసేవారు, నిజంగా బాధపడేవాడితోనే వచ్చింది చిక్కు.

“నువ్వన్నది తప్పని నేననను. పేరుపెట్టి మాత్రం ఆపకు. చెప్పేదేదో అందరికీ కలిపి చెప్పు” అని ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు.

ఆదివారం గుడి నిండింది. అగ్నేసమ్మ ముందు బల్లలో, తలమీద కొంగుతో, తల్లి ఫోటో ఎదురుగా కూర్చుంది. ప్రసాదం వేళకి జోజిబాబు మైకు దగ్గరికి వచ్చాడు. “భ్రూణహత్యకు పాల్పడినవారు, దానిని సమర్థించినవారు సత్ప్రసాద స్వీకారానికి అనర్హులు. దయచేసి తమ స్థానములలోనే ఉండవలెను” అన్నాడు. ఆ మాటలు ఆ ఊళ్ళో ఒక్క మనిషికే అర్థమవుతాయనీ, అర్థమైతే చాలుననీ అతని లెక్క.

అయితే ఆ విచారణలో ఒక ఆచారం ఉంది, దాన్ని అతను లెక్కలో వేసుకోలేదు. తెల్లదొరలు ఫాదర్లుగా ఉన్న కాలంలో వాళ్ళ వంకర తెలుగుని ఉపదేశి లేచి ఊరి మాటల్లో మళ్ళీ చెప్పేవాడు. దొరలు పోయారు గాని ఆచారం పోలేదు. ఉపదేశి చిన్నప్ప యథాప్రకారం లేచాడు. ‘తీయించుకోవడం’ అనే మాట అంతమంది ఆడవాళ్ళ ముందు అనడానికి ముసలాయనకి నోరు రాలేదు. కాసేపు నసిగి, “కడుపు పోగొట్టుకున్నోళ్ళు, పోతే పోనీలే అన్నోళ్ళు ప్రసాదానికి లేవొద్దంటన్నారు ఫాదరుగారు” అని కూర్చున్నాడు.

తానొకటి తలిస్తే దైవమొకటి తలచిందన్నట్టయింది. అగ్నేసమ్మ లేవలేదు. ఆమె వెనక బల్లలోవాళ్ళూ లేవలేదు. మిరప కోతల్లో, రాళ్ళ క్వారీల్లో కడుపులు జారిపోయిన ఆడవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా కూర్చుండిపోయారు. వాళ్ళ పక్కన కూర్చుని “పోనీలేవే, ఏడవకు” అని ఓదార్చిన అక్కచెల్లెళ్ళూ కూర్చుండిపోయారు. మొగాళ్ళు తమ కాళ్ళవంక చూసుకుంటూ ఉన్నారు. సిస్టర్లు, పెళ్ళికాని పిల్లలు కొందరు వచ్చి తీసుకుని వెళ్ళారు. నిండు పాత్రతో జోజిబాబు ఒక్కడూ నిలబడ్డాడు. జాలేసింది అతన్ని చూస్తే. బల్లల్లోవాళ్ళని చూస్తే మాత్రం ఇంకా జాలేసింది.

పూజ అయ్యాక ఫాదర్ల బంగళాలో, “నేను ఆ మాట అనలేదు గురువుగారూ” అని జోజిబాబు అంటుండగానే శౌరమ్మ అనే ముసలామె గుమ్మం పట్టుకుని లోపలికి వచ్చింది.

“ఫాదరుగారూ, వచ్చే ఆదివారం నేను లేవొచ్చంటారా? నాకు రెండు పోయినయ్యి. గుండె బాగుండటంలా. ప్రసాదం లేకుండా పోతానేమోనని బయంగా ఉందయ్యా.”

జోజిబాబుకి ప్రాణం లేచివచ్చింది. “పోతే పాపం కాదమ్మా. కావాలని చేస్తేనే పాపం. మీరు నిక్షేపంగా లేవొచ్చు.”

శౌరమ్మ కదల్లేదు.

“మొదటిది పోయిందే. రెండోదే తెలవదు. అప్పటికే ఇంట్లో తిండికి లేదు. నడుంనొప్పికని మా అత్త కషాయం ఇచ్చింది. నడుంనొప్పికి అంత చేదు మందు ఉండదు. అది నాకు తెలుసు, తెలవదు కూడా. తాగినా.”

తెలిసి, మనసొప్పి చేస్తేనే మహాపాపమని జోజిబాబు చదువుకున్నాడు. ఎంత తెలిస్తే తెలిసినట్టో, ఆకలితో ఉన్న మనసు ఎంత ఒప్పితే ఒప్పినట్టో అతను చదవలేదు. ముసలామె అతని నోటివంకే చూస్తోంది. అతను గురువువైపు తిరిగాడు.

“ఈమె మీ దగ్గర పాపసంకీర్తనం చేసే ఉంటుంది. మీరేం చెప్పారు?”

“అది అడగకూడదని నీకు నేర్పింది నేనే” అన్నారు రాయప్పగారు.

జోజిబాబు కిటికీలోంచి చూశాడు. వరండా మీద, మెట్లమీద, గేటు దాకా ఆడవాళ్ళు ఉన్నారు. ఎవరో జరిగి చోటిస్తే అగ్నేసమ్మ కూడా వాళ్ళ మధ్య మెట్టుమీద కూర్చుని ఉంది. ఆమెతో ఎవరూ మాట్లాడటం లేదు, ఆమె కూడా ఎవరితోనూ మాట్లాడటం లేదు.

“గురువుగారూ, ఆవిడకి పెట్టాలా, మానాలా? అది మీరింకా చెప్పనేలేదు.”

రాయప్పగారు పడక్కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు.

“ముందు శౌరమ్మకి చెప్పు నాయనా. తర్వాత బయట ఉన్నవాళ్ళకి చెప్పు. ఆవిడ వంతు వచ్చినప్పుడు నన్ను లేపు.”